తలవంచడం వేరు, తలవంపులు వేరు



ఈ నెల ఆటల గురించి మాట్లాడుకుందాం. మద్రసా ఉపాధ్యాయుడు ఆటల గురించి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. అయితే మన ఇళ్లలోని పిల్లలు గెలుపు రుచిని మొదటిసారి చూసేదీ, ఓటమి చేదును మొదటిసారి మింగేదీ సాధారణంగా ఆటస్థలంలోనే. తనకంటే సమర్థుణ్ణి చూసి అసూయపడాలా, అతడి నుండి నేర్చుకోవాలా అన్న పరీక్ష కూడా వారికి అక్కడే మొదలవుతుంది. వినయం గురించి తరగతిలో ఎంత చెప్పినా, అది పిల్లవాడి మనసుకు ఎక్కిందో లేదో మైదానంలోనే బయటపడుతుంది. పిల్లవాడిదే కాదు, పాఠం చెప్పినవాడిది కూడా.

ఇలా అనడానికి కారణముంది. పిల్లలకు వినయం నేర్పబోయి నేనే ఒకసారి ఘోరంగా తప్పటడుగు వేశాను. కనుక ఈ నెల మాటలు ముందుగా నాకు నేను చెప్పుకుంటున్నవని పాఠకులు గ్రహించాలి.

మా మద్రసాలో అస్ర్ నమాజు అయ్యాక మగ్రిబ్ వరకు పిల్లలను ఈద్గా మైదానానికి తీసుకువెళ్లడం ఆనవాయితీ. ఒక శీతాకాలంలో మా పట్టణంలోని మొహల్లాల పిల్లలకు టెన్నిస్ బంతితో క్రికెట్ పోటీలు జరిగాయి. మా జట్టుకు నేనే శిక్షకుణ్ణి. సెమీఫైనల్లో హిఫ్జ్ తరగతికి చెందిన పదమూడేళ్ల బాలుడొకడు చివరి బంతిని బౌండరీకి పంపి జట్టును గెలిపించాడు. ఇక ఆ రెండు రోజులూ అతడి నడకే మారిపోయింది. "నేను లేకపోతే మీరంతా ఇంటికి పోయేవాళ్లే" అని తోటివారితో అనడం నా చెవిన పడింది. ఇతడికి కాస్త వినయం నేర్పాలని అప్పుడే మనసులో అనుకున్నాను.

ఫైనల్లో ఆఖరి ఓవర్ నడుస్తోంది. ఎదుటి జట్టుకు ఐదు పరుగులు కావాలి. వారి కుర్రవాడు కొట్టిన బంతి గాలిలోకి లేచి నేరుగా ఈ బాలుడి దగ్గరకే వచ్చింది. చేతుల్లో పడినట్టే పడి, జారి, బౌండరీ దాటింది. ఆ తర్వాతి బంతికి మేము ఓడిపోయాం.

రెండు జట్లూ, చూడవచ్చిన పెద్దలూ అక్కడ ఉండగానే నేను గొంతెత్తి, "మొన్న నీవల్లే గెలిచామన్నావు కదా! మరి ఈ రోజు ఎవరివల్ల ఓడిపోయాం?" అన్నాను. కొందరు పిల్లలు నవ్వారు. అతడి తల వాలిపోయింది. అహం దిగింది, మంచిదే జరిగింది అనుకుంటూ నేను వుజూ చేసుకోవడానికి వెళ్లాను.

మర్నాటి నుండి అతడు మైదానానికి రావడం మానేశాడు. దానికి నేను పెద్దగా కలత చెందలేదు. కానీ కొన్నాళ్లకు తరగతిలో ఒక విషయం గమనించాను. సబఖ్ అప్పజెప్పేటప్పుడు ఆయతును సరిగ్గానే చదువుతూ, మధ్యలో హఠాత్తుగా ఆగి నా ముఖంలోకి చూసేవాడు. తప్పేమీ లేదు, చదువు అని నేను సైగ చేస్తే తప్ప ముందుకు సాగేవాడు కాదు. అంతకుముందు అతడికి ఆ అలవాటు లేదు.

ఒక రోజు అతడి తల్లి మద్రసా గుమ్మం దగ్గర నిలబడి నన్ను పిలిపించారు. "హజ్రత్, మావాడు మునుపు ఇంట్లో ఒకటే అల్లరి చేసేవాడు. ఇప్పుడు నోరు మెదపడం లేదు. ఎవరైనా వస్తే లోపలికి వెళ్లిపోతున్నాడు. వినయం వచ్చిందని వాళ్ల నానమ్మ సంతోషిస్తోంది. నాకు మాత్రం భయంగా ఉంది. ఇది మంచిదేనా హజ్రత్?" అని అడిగారు. ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే ఆమె అడిగారు. ఆమెకు ఏమి జవాబు చెప్పానో నాకు గుర్తులేదు. జవాబు నా దగ్గర లేదన్నది మాత్రం గుర్తుంది.

అహంకారానికి ప్రవక్త ఇచ్చిన నిర్వచనం

ఆ రాత్రి నాకు, ఎన్నో ఏళ్లుగా నేను పిల్లలకు బోధిస్తూ వచ్చిన ఒక హదీసు గుర్తుకు వచ్చింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన ఆ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. హృదయంలో అణుమాత్రం అహంకారమున్నవాడు స్వర్గంలో ప్రవేశించడని మహాప్రవక్త (సఅసం) హెచ్చరించినప్పుడు ఒక వ్యక్తి ఒక సందేహం వెలిబుచ్చాడు. మనిషి తన దుస్తులు, చెప్పులు బాగుండాలని కోరుకుంటాడు కదా, అదీ అహంకారమేనా అన్నది ఆయన భయం. అల్లాహ్ స్వయంగా సౌందర్యవంతుడనీ, సౌందర్యాన్ని ఇష్టపడతాడనీ ప్రవక్త (సఅసం) తెలియజేశారు. అహంకారమంటే సత్యాన్ని తిరస్కరించడం, తోటి మనుషులను చులకన చేయడం అని వివరించారు.

ఈ నిర్వచనాన్ని కొలబద్దగా పట్టుకుని నేను ఆ సాయంత్రాన్ని కొలుచుకున్నాను. ఆ బాలుణ్ణి బౌండరీ దగ్గర నిలబెట్టింది ఎవరు? నేనే. మగ్రిబ్ వేళ దగ్గరపడుతుండగా, వాలుతున్న సూర్యుడు సూటిగా కళ్లలో పడేలా పడమటి ముఖంగా నిలబెట్టిందీ నేనే. శిక్షకుడిగా నా పొరపాటు అది. ఆ సత్యాన్ని దాచి, నింద మొత్తం ఒక పసివాడి మీద మోపి, పదిమందిలో అతణ్ణి చులకన చేశాను. ప్రవక్త (సఅసం) చెప్పిన రెండు లక్షణాలూ ఒకే వాక్యంలో నా నోటి నుండి వెలువడ్డాయి. ఆ మైదానంలో అహంకారి ఎవరో నాకప్పుడు తెలిసివచ్చింది.

మన ఇళ్లలోనూ, పాఠశాలల్లోనూ తవాజు, జిల్లత్ అనే రెండింటినీ తరచుగా కలగలిపేస్తుంటాం. తవాజు అంటే అల్లాహ్ ముందు తన స్థానం తెలుసుకుని మనిషి తానుగా తలవంచడం. జిల్లత్ అంటే మరొకరు మన మెడపట్టి తల వంచడం. మొదటిది హృదయంలో ఎదుగుతుంది, రెండవది హృదయాన్ని విరిచేస్తుంది. అవమానించి వినయం నేర్పడం సాధ్యం కాదు. అవమానం పొందిన పిల్లవాడు ముడుచుకుపోతాడు, లేదా లోలోపల పగ పెంచుకుంటాడు. బయటికి ఈ రెండూ వినయంలాగానే కనబడతాయి. ఆ నానమ్మ పొరబడింది అక్కడే. ఆ తల్లి మాత్రం పొరబడలేదు.

ఉహుద్ తర్వాత దిగివచ్చిన ఆదేశం

మరి ఓడిన జట్టుతో పెద్దవాడు ఎలా మాట్లాడాలి? ఒక సాయంత్రపు ఆటను, సహాబాలు ప్రాణాలర్పించిన రణరంగంతో పోల్చడం నా ఉద్దేశం కాదు. అంతటి నష్టంలోనే అంతటి మృదుత్వాన్ని ఆదేశించిన ధర్మం, ఒక బంతి జారినందుకు మనకు ఎంత కాఠిన్యాన్ని అనుమతిస్తుందో ఆలోచించమని మాత్రమే కోరుతున్నాను.

హిజ్రీ 3వ సంవత్సరంలో జరిగిన ఉహుద్ యుద్ధంలో 50 మంది విలుకాండ్రను ప్రవక్త (సఅసం) ఒక గుట్టపై నిలిపారు. ఏది ఏమైనా అక్కడి నుండి కదలవద్దని ఆజ్ఞాపించారు. విజయం కళ్లెదుట కనబడగానే వారిలో అత్యధికులు స్థానం వదిలేశారు. యుద్ధగతి తారుమారైంది. సుమారు 70 మంది సహాబాలు అమరులయ్యారు. ప్రవక్త (సఅసం) ముఖానికే గాయమైంది. ఆ నేపథ్యంలో అవతరించిన ఆలె ఇమ్రాన్ సూరాలోని 159వ ఆయతు భావాన్ని చూడండి. అల్లాహ్ కారుణ్యం వల్లనే మీరు వారి పట్ల మృదువుగా ఉన్నారనీ, కర్కశులై ఉంటే వారంతా మీ చుట్టూ నుండి చెదరిపోయి ఉండేవారనీ అల్లాహ్ తన ప్రవక్తకు తెలియజేశాడు. వారిని మన్నించమని, వారి క్షమాపణ కోసం ప్రార్థించమని, వ్యవహారాలలో వారిని సంప్రదించమని, ఒక నిర్ణయానికి వచ్చాక అల్లాహ్‌పై భారం వేయమని ఆదేశించాడు.

ఇందులోని క్రమాన్ని గమనించండి. మన్నించడంతో విషయం ముగియలేదు. పొరపాటు చేసినవారిని సలహా అడగమని చెప్పడం జరిగింది. తప్పు చేసినవాడిని మన్నిస్తే అతడి భయం పోతుంది. అతడి అభిప్రాయం అడిగితే అతడి గౌరవం తిరిగి వస్తుంది. ఆ తర్వాత దృఢసంకల్పం, దాని వెంటనే తవక్కుల్. సంకల్పం అనేది ఆత్మవిశ్వాసం. ఫలితాన్ని అల్లాహ్‌కు వదలడం వినయం. ఒకే ఆయతులో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మనమే వాటిని విడదీసి, ఒకటి పెరిగితే మరొకటి తరుగుతుందని అపోహపడుతున్నాం.

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) రాజు ఎదుట నిలబడి, ధాన్యాగారాల బాధ్యతను తనకు అప్పగించమనీ, తాను వాటిని కాపాడగలననీ, తనకు ఆ జ్ఞానముందనీ స్పష్టంగా చెప్పారు. తనకున్న సామర్థ్యాన్ని ఆయన లేదనలేదు. అధికార శిఖరానికి చేరాక మాత్రం ఆ రాజ్యమూ, ఆ జ్ఞానమూ తన ప్రభువు ప్రసాదించినవేనని వినమ్రంగా అంగీకరించారు. ఖారూన్ కూడా తన జ్ఞానం గురించే మాట్లాడాడు. అయితే తన సంపదంతా ఆ జ్ఞానం వల్లనే వచ్చిందన్నాడు. కాబట్టి "ఈ బంతిని నేను పట్టగలను" అనుకునే పిల్లవాడు అహంకారి కాడు. ఆ చేతులకు పట్టునిచ్చినవాడిని మరచిపోయినప్పుడే ప్రమాదం మొదలవుతుంది.

మన హైదరాబాదు మాస్టారు

శిక్షకుడు ఎలా ఉండాలో చెప్పడానికి మన నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయులు. అందరూ రహీం సాబ్ అని పిలుచుకున్న ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ, భారత ఫుట్‌బాల్ జట్టుకూ శిక్షకులయ్యారు. ఆయన శిక్షణలో భారతదేశం 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది.

ఆయన పద్ధతుల్లో రెండు నన్ను బాగా ఆకర్షించాయి. కుర్రవాళ్లకు డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టేవారట. అంటే బంతిని ఎవరికీ అందించకుండా ఒక్కడే తప్పించుకుంటూ తీసుకుపోవడానికి వీల్లేదు. అలాగే, బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలూ నిర్వహించేవారట. బంతి నీ ఒక్కడిది కాదు, పక్కవాడికి అందించు అన్నది మొదటి పాఠం. రెండవది ఇంకా లోతైనది. నా ఎడమ కాలు బలహీనమని అందరి ముందూ ఒప్పుకోవడానికి వినయం కావాలి. సాధన చేస్తే అది బలపడుతుందని నమ్మడానికి ఆత్మవిశ్వాసం కావాలి. ఒక్క అభ్యాసంతో రెండూ నేర్పిన ఆ మాస్టారు, ఎవరినీ చిన్నబుచ్చనవసరం లేని మార్గం కనిపెట్టారు. అందరూ బలహీనమైన కాలితోనే ఆడుతున్నప్పుడు ఎవరిని చూసి ఎవరు నవ్వగలరు?

ఆయన ఓటములు కూడా మామూలువి కావు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. సిగ్గుతో తలదాచుకోవడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. నాలుగేళ్ల తర్వాత సెమీఫైనల్లో అదే యుగోస్లావియాపై మొదటి గోల్ చేసింది మనవాళ్లు. చివరకు 4-1తో ఓడినా, మధ్యలో నేర్చుకున్నది ఎంతో ఆ అంకెలే చెబుతాయి. 1962లో జకార్తాలో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిన జట్టు, ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించింది. అంతకుముందే తలకు గాయమై కుట్లు పడిన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించారు. ఆ రెండు గోల్స్‌లో ఒకటి ఆయనదే. వేర్వేరు మతాల, ప్రాంతాల ఆటగాళ్లు ఒకరికొకరు బంతి అందించుకుని సాధించిన విజయమది. అప్పటికే వ్యాధిగ్రస్తులైన రహీం సాబ్ మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. అల్లాహ్ ఆయనను మన్నించుగాక!

"నేను మీ అందరితోనూ ఉన్నాను"

శిక్షకుడిలో ఉండవలసిన మరో గుణం నిష్పాక్షికత. హజ్రత్ సలమా బిన్ అక్వ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. కొందరు రెండు జట్లుగా విలువిద్యలో పోటీపడుతుండగా ప్రవక్త (సఅసం) అటుగా వచ్చారు. మీ పితామహులు ఇస్మాయీల్ (అలైహిస్సలాం) విలుకాడు కదా, వేయండి అంటూ ప్రోత్సహించి, తాను ఫలానా జట్టు పక్షాన ఉన్నానని అన్నారు. వెంటనే రెండవ జట్టు బాణాలు వేయడం ఆపేసింది. కారణం అడిగితే, మీరు వారితో ఉండగా మేమెలా వేయగలం అన్నారు. అప్పుడు ఆయన, వేయండి, నేను మీ అందరితోనూ ఉన్నాను అని వారికి ధైర్యమిచ్చారు. పెద్దవాడి ఒక్క మాట ఒక జట్టు చేతులను ఆపగలదు, ఒక్క మాట ఆ చేతులను మళ్లీ కదిలించగలదు. జట్టులో ఒకడినే ఆకాశానికెత్తే శిక్షకుడు మిగిలిన పదిమంది చేతులను కట్టేస్తున్నాడని తెలుసుకోవాలి.

గెలిచినవారికీ, ఓడినవారికీ

ప్రవక్త (సఅసం) వారి ఒంటె అద్బా పందెంలో ఎప్పుడూ వెనుకబడేది కాదు. ఒకసారి ఒక పల్లెవాసి తన పడుచు ఒంటెతో వచ్చి దానిని దాటిపోయాడు. సహాబాలకు అది కష్టంగా తోచింది. ఈ లోకంలో పైకి లేచిన దేనినైనా క్రిందికి దించడం అల్లాహ్ నియమమని ప్రవక్త (సఅసం) వారికి బోధించారు. తన సొంత ఒంటె ఓడినప్పుడు చెప్పిన మాట ఇది. గెలిచిన ప్రతి కుర్రవాడూ గుర్తుంచుకోవలసింది, ఓడిన ప్రతి కుర్రవాడికీ ఊరటనిచ్చేది.

ఓడినవారికి మరో మేలైన ఔషధం సహీహ్ ముస్లింలోని హదీసులో ఉంది. బలవంతుడైన విశ్వాసి బలహీనుడైన విశ్వాసి కంటే మేలైనవాడనీ, ఇద్దరిలోనూ మంచి ఉందనీ ప్రవక్త (సఅసం) అన్నారు. మేలు చేసే విషయంపై ఆశపడమని, అల్లాహ్ సహాయం కోరమని, చేతకాదని చతికిలబడవద్దని, ఏదైనా ఆపద కలిగితే "అలా చేసి ఉంటే" అంటూ కుమిలిపోవద్దని ఉద్బోధించారు.

మన హైదరాబాదీ బౌలర్ ముహమ్మద్ సిరాజ్ ఆటను 2025 ఆగస్టులో చాలా ఇళ్లలో చూసే ఉంటారు. లండన్‌లోని ఓవల్ మైదానంలో ఇంగ్లండ్‌తో ఆఖరి టెస్టు. ఆగస్టు 3న హ్యారీ బ్రూక్ 19 పరుగుల వద్ద కొట్టిన బంతిని సిరాజ్ పట్టాడు, కానీ అతడి కాలు బౌండరీ తాడును తాకింది. బ్రూక్ 111 పరుగులు చేశాడు. మర్నాడు ఇంగ్లండ్‌కు కావలసినవి 35 పరుగులు, చేతిలో ఉన్నవి నాలుగు వికెట్లు. ఆ నాలుగింటిలో మూడు సిరాజ్ తీశాడు. భారత్ 6 పరుగుల తేడాతో గెలిచింది. కోట్లమంది చూస్తుండగా జరిగిన పొరపాటు తర్వాత కూడా కెప్టెన్ బంతిని మళ్లీ అతడి చేతికే ఇచ్చాడు. అతడూ "నా వల్ల కాదు" అనలేదు. ఆ వార్త చదివినప్పుడు నాకు మా ఈద్గా మైదానమే కళ్లముందు మెదిలింది.

తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లవాడు గెలిచి ఇంటికి వస్తే బంధువుల ముందు అతిగా పొగడకండి. ఒకరిని ముఖం మీద మితిమీరి పొగిడిన వ్యక్తితో, నీవు నీ సహచరుని మెడ విరిచావని ప్రవక్త (సఅసం) అన్నారు. "మాషా అల్లాహ్, బాగా కష్టపడ్డావు. నీకు బంతి అందించినవాడికి కృతజ్ఞతలు చెప్పావా?" అని అడగండి. ఓడి వస్తే ముందు అన్నం పెట్టండి, కారణాలు తర్వాత అడగవచ్చు. పక్కింటి పిల్లవాడితో పోల్చకండి. మీ అమ్మాయి పాఠశాలలో కబడ్డీ, ఖోఖో ఆడి వస్తే ఆమె ముచ్చట కూడా అంతే శ్రద్ధగా వినండి. ప్రవక్త (సఅసం) తన సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం పెట్టుకుంటే, ఒకసారి ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆయన గెలిచి, ఇది ఆనాటి దానికి బదులు అని ముచ్చటగా అన్నారు. గెలుపోటములు ప్రేమను పెంచే ఇల్లు ఎలా ఉంటుందో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది.

చివరగా, నా కథ. అవమానం పదిమందిలో జరిగింది కనుక క్షమాపణ కూడా పదిమందిలోనే జరగాలని నిశ్చయించుకున్నాను. ఒక సాయంత్రం అస్ర్ తర్వాత ఆ బాలుణ్ణి బతిమాలి మైదానానికి తీసుకువెళ్లాను. పిల్లలందరినీ కూర్చోబెట్టి, "ఆ రోజు ఇతణ్ణి ఎండకు ఎదురుగా నిలబెట్టింది నేను. తప్పు నాది. పైగా నలుగురిలో ఇతణ్ణి చిన్నబుచ్చాను. అదీ నా తప్పే" అన్నాను. అతడి వైపు తిరిగి, "నన్ను మన్నించు బేటా" అన్నాను. నలభై ఏళ్లలోపు నేర్చుకోవలసిన ఆ మాటను యాభై దాటాక పలకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. తర్వాత, ఫీల్డింగులో ఎవరు ఎక్కడ నిలబడాలో అతడినే అడిగాను. కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత లేచి, పడమటి వైపు చేయి చూపించి, "హజ్రత్, సాయంత్రం పూట అక్కడ టోపీ ఉన్నవాణ్ణి పెట్టాలి" అన్నాడు. పిల్లలు నవ్వారు. ఈసారి అతడూ నవ్వాడు.

ఇప్పటికీ అతడు అప్పుడప్పుడు క్యాచ్‌లు వదిలేస్తూనే ఉంటాడు. గెలిచిన రోజు కాస్త గొప్పలూ పోతాడు. అప్పుడు పక్కకు పిలిచి, నీకు బంతి అందించిందెవరు అని మెల్లగా అడుగుతాను. కానీ సబఖ్ అప్పజెప్పేటప్పుడు మాత్రం మధ్యలో ఆగి నా ముఖంలోకి చూడడం మానేశాడు.

ఓ అల్లాహ్! మా పిల్లలకు నీ ముందు తలవంచే వినయాన్నీ, నీవిచ్చిన శక్తిని నీ ప్రీతి కోసం వినియోగించే ధైర్యాన్నీ ప్రసాదించు. వారికి నేర్పే మా నాలుకలను కాఠిన్యం నుండి కాపాడు. ఆమీన్.